గెలిచినవే కనపడే సినిమా

రెండు నిమిషాల సినిమాకి సమీక్షేమిటని నవ్వకండి. 2016లో హార్వర్డ్ వైద్య కళాశాలవాళ్ళు తీసిన వీడియో అది. జీవపరిణామం బుర్రకెక్కడం లేదని మా పదో తరగతి అమ్మాయి విసుక్కుంటుంటే చూపించాను.

4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు నల్లటి పళ్ళెం. రెండు కొసల్లో మందు లేదు. లోపలికెళ్ళేకొద్దీ మోతాదు పెరిగి, నడిమి పట్టీలో 1000 రెట్లు! కొసల్లో వేసిన సూక్ష్మజీవులు ముగ్గుపిండిలా తెల్లగా పాకుతూ వచ్చి మందు గీత దగ్గర ఆగిపోతాయి. ఇంతలో ఒకచోట చిన్న చుక్క, అక్కణ్ణించి విసనకర్రలా విచ్చుకుని గీత దాటేస్తుంది. 11 రోజుల్లో నడిమికి వచ్చేశాయి. చెప్పొద్దూ, ఒళ్ళు జలదరించింది.

"మందుకి అలవాటుపడిపోయాయమ్మా!" అంది అమ్మాయి.

అదిగో, అక్కడే ఉంది చిక్కు. ఏదీ అలవాటుపడలేదు. కోట్లలో ఏ ఒక్కదానికో కాకతాళీయంగా మార్పొచ్చింది. అది బతికింది, దాని సంతానం పెరిగింది. దాటబోయి నశించినవి ఆ నలుపులో కనపడనే కనపడవు. ఎంత బాగా తీసినా, ఈ చిత్రానికి అదే లోటు.

మళ్ళీ వేసి, గీత దగ్గర బొమ్మ ఆపి, "దాటలేనివెన్ని ఉంటాయే?" అనడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచెళ్ళి, మళ్ళీ జలుబు చేస్తే పనికొస్తాయని నేను దాచిన యాంటీబయోటిక్ మాత్రల అట్ట తెచ్చి నా ముందు పెట్టింది.