స్వరలిపి - సంకేతము

సూరతు నగరమునందలి నేతపనివారలలో తెలంగాణమునుండి వలసపోయిన తెలుగువారు పెక్కుమంది కలరు. అచటి నగరపాలక సంస్థ వారి పిల్లలకై తెలుగు పాఠశాలలను సైతము నడిపినది. అట్టి పాఠశాలలో చదివి, ఇంట మన సంగీత పుస్తకములు చూచిన బాలుడొకడు, హాథ్రస్ నుండి 1935లో వెలువడనారంభించిన 'సంగీత్' మాసపత్రికను విప్పెననుకొందము. హిందీ లిపి వానికి తెలిసినదే, సరిగమలును తెలిసినవే. ఐనను పుట పరాయిదిగా తోచును. ఏల?

చిక్కు అక్షరములలో లేదు. వాని చుట్టునున్న గీతలలో, చుక్కలలో ఉన్నది. మనకు స్వరముపై గీత వేగము రెట్టింపైనదనుటకు గుర్తు. భాత్‌ఖండే (1860-1936) పద్ధతిలో స్వరము క్రింది గీత కోమలస్వరమునకు గుర్తు. మనకు సున్న ద్రుతము, అనగా రెండక్షరముల కాలము. వారికి 'ఖాలీ', చేయి విసరు తావు. శీర్షిక చెంత లఘుద్రుతముల గుర్తులున్న కర్ణాటకమనియు, స్వరపంక్తి క్రింద గుణకారపు గుర్తున్న హిందుస్థానీ యనియు, సాహిత్యము చదువకయే పాఠకుడు గ్రహించును.

ఐనను సంకేతమునకు స్వతస్సిద్ధమైన అర్థము లేదు. సూరతుకు ఉత్తరమున భరూచిలో పెరిగిన ఓంకారనాథ ఠాకూర్‌కు గురువు విష్ణు దిగంబర పలుస్కర్ (1872-1931). ఆయన పద్ధతిలో స్వరముపై చుక్క మంద్రస్థాయికి గుర్తు. భాత్‌ఖండే పద్ధతిలోను, మన పుస్తకములలోను అదే చుక్క తారస్థాయికి గుర్తు. అర్థమును నిర్ణయించునది చుక్క కాదు, సంప్రదాయపు ఒడంబడిక.

ఒక సంప్రదాయము దేనికి గుర్తు కల్పించెనో దానినే విలువైనదిగా ఎంచెనని తెలియును. 1904లో ఎట్టయాపురమునుండి తెలుగు లిపిలో వెలువడిన సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' కంపితము, స్ఫురితము, జారు మొదలగు గమకములకు వేర్వేరు చిహ్నముల నిచ్చినది. నేటి స్వరపుస్తకములు పెక్కింట అవి కానరావు. పుట శుభ్రమైనది, పాట పేదదైనది. గుర్తు లేనిది లేనిదేయని నమ్ముట పాఠకునికి సహజము.

సూరతు వీథులలోని గర్బాపాటను ఈ గళ్లలో నింపినను ఇట్లే యగును. చూపునకు అది శాస్త్రీయ కృతులకు చుట్టమగును. వలయముగా తిరుగు స్త్రీల చప్పట్లు, అడుగుల ఊపు వెలుపలనే నిలిచిపోవును.

కావున పత్రికాధిపతులకు నా మనవి యొక్కటే: ప్రతి సంచికయందును సంకేతముల పట్టికతోపాటు, ఆ సంకేతములకు అందనివేవో కూడ నాలుగు పంక్తులలో చెప్పుదురుగాక. అప్పుడు ఆ బాలుడు పుట చదివి ఊరకుండక, పాట వినుటకై గురువును వెదకికొనును.