దివాస్వప్నము: ఉపాధ్యాయుని విద్యాభ్యాసము

బోధనాశాస్త్ర గ్రంథములు పెక్కులు గలవు గాని, ఉపాధ్యాయుడు తానే విద్యార్థి యగు విధమును జూపునవి యరుదు. గిజుభాయి బధేకా (1885-1939) గుజరాతీభాషలో రచించిన దివాస్వప్నము అట్టి యరుదైన గ్రంథము. గ్రంథకర్త తొలుత న్యాయవాది. మాంటిసోరీ రచనలు చదివి విద్యారంగమున బ్రవేశించి, 1920లో భావనగరమున బాలమందిరమును నెలకొల్పినవాడు.

కథ స్వల్పము. లక్ష్మీరాముడను ఉపాధ్యాయుడు విద్యాధికారి నర్థించి, నాలుగవ తరగతిని ఒక సంవత్సరము తన ప్రయోగమునకు బడయును. మొదటినాడు మౌనక్రీడ నాడింపబూనగా పిల్లలు గోలచేసి దానిని నవ్వులపాలు చేయుదురు. ఈ క్రీడ మాంటిసోరీ పద్ధతిలోనిదే. తన్ను విద్యారంగమునకు మరల్చిన పద్ధతియే తరగతిలో నోడిపోవుటను దాచక వ్రాసిన గ్రంథకర్త నిష్కాపట్యము మాకు మిక్కిలి నచ్చినది. ఇంటికడ గ్రంథములనుండి నేర్చినదానిని తరగతి పరీక్షించినది. తరగతి నేర్పినది మరునాడు కథ చెప్పుటయందు ఫలించినది. పిమ్మట ఆటలును, నాటకములును, తరగతిలో నేర్పరచిన చిన్న గ్రంథాలయమును ఆతనికి పిల్లల స్వభావమును దెలిపినవి. బయట నేర్చినది లోనికి వచ్చిననేగాని పాఠము ప్రాణము పోసికొనదు.

మాళవికాగ్నిమిత్రమున నాట్యాచార్యులిరువురి తారతమ్యమును వారి పాండిత్యముచే గాక శిష్యుల ప్రదర్శనముచే నిర్ణయింప దలచుట సంస్కృతజ్ఞు లెఱిగినదే. ఉపాధ్యాయుని పరీక్షింప నింతకంటె న్యాయమైన మార్గము లేదు. లక్ష్మీరాముడును ఈ పరీక్షకే నిలిచినవాడు.

అయినను ఒక లోపమును జెప్పక తప్పదు. విద్యాధికారి యండ సామాన్యోపాధ్యాయునకు సులభముగ లభింపదు. పాఠ్యక్రమమును గడువులోపల ముగింపవలసిన యాతనికి సంవత్సరము గాదు, వారమైనను స్వేచ్ఛ చిక్కుట కష్టము. ఈ చిక్కునకు గ్రంథము చాలిన సమాధానమీయదు. పేరే దీనిని పగటికల యని యొప్పుకొన్నది. కాని నిన్నటి పాఠమేల చెడెనో నేడు విచారించుకొనుటకు, బడి విడిచిన పిదప పిల్లల యాటపాటలను గమనించుటకు ఏ యధికారి యనుమతియు నక్కఱలేదు. ఇవి కలలు గావు. ఇంతమాత్రము చేయని యుపాధ్యాయుడు ఇరువదియేండ్లు పనిచేసినను ఒక్కయేటి యనుభవమునే యిరువదిమారులు పొందినవాడగును.

గృహస్థులకును ఒక మనవి. పిల్లవాడు ఇంటికి వచ్చి, నేడు పంతులుగారు కథ చెప్పిరని యన్నచో, పాఠమెప్పుడు చెప్పుదురని విసుగుకొనక, ఆ కథ యేమని యడుగుడు.