సీటుతో పాటే సంచీ

సైకిల్ మీద దూరాలు తిరిగేవాళ్లలో చాలామందిని ఓడించేది కాళ్లు కాదు, నడుము. తొడల్లో సత్తువ ఇంకా మిగిలే ఉంటుంది. కానీ గతుకు గతుకుకీ వెన్నుపూసను తాకే పోటు మనిషిని సైకిల్ దింపేస్తుంది. ఈ పోటును సీటు దగ్గరే ఆపే విద్య ఒకటుంది. నూటపాతికేళ్లకు పైగా తోలు పనివాళ్లూ కాన్వాసు కుట్టేవాళ్లూ ఇనుప పనివాళ్లూ తలా ఒక చెయ్యి వేసి పెంచిన విద్య అది. నా దృష్టిలో సైకిల్ కళలన్నిటిలోకీ ఇదే గొప్పది.

మొదట తోలు సంగతి. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ 1866లో తోలు వ్యాపారం పెట్టాడు. గుర్రం చచ్చిపోతే అరువు సైకిలెక్కాడనీ, దాని సీటు పెట్టిన బాధకు తనే మంచి సీటు చేస్తానని పంతం పట్టాడనీ చెప్పుకుంటారు. 1882లో పేటెంటు తీసుకున్నాడు. ఆ కంపెనీ బి-17 సీటు వందేళ్లు దాటినా ఇంకా తయారవుతూనే ఉంది. మందపాటి ఆవు తోలును నానబెట్టి, అచ్చు మీద బిగలాగి, ఆరబెట్టి, ఉక్కు చట్రానికి రివిట్లతో బిగిస్తారు. స్పెషల్ రకాల్లో పెద్ద రాగి రివిట్లను పనివాడు సుత్తితో ఒక్కొక్కటిగా కొట్టి గుండ్రంగా అణుస్తాడు. తొడ రాసుకునే అంచును వాడి కత్తితో ఏటవాలుగా చెక్కుతాడు. గీత గీసుకోడు, చెయ్యి వణకదు. తోలు ఒకే వెడల్పున పొరలా లేచి వస్తుంది. అలాంటి సీటు కొన్ని వారాల్లో ఎక్కినవాడి ఎముకల తీరుకు ఒదిగిపోతుంది. ముందు కొస కింద ఉండే మర బిగిస్తే సాగిన తోలు మళ్లీ బిగుస్తుంది. మన ఊళ్లలో పోస్టుమాన్లూ పాలవాళ్లూ తొక్కిన పెద్ద సైకిళ్ల స్ప్రింగు సీట్లు కూడా ఈ వంశానివే.

ఇక సంచి. లాంకషైర్‌లోని నెల్సన్ పట్టణంలో విల్ఫ్ కారడైస్ అనే సైకిలిస్టు, అంగట్లో దొరికే సంచులు నచ్చక, 1932లో తనే కుట్టడం మొదలుపెట్టాడు. మందపాటి నూలు గుడ్డ, తోలు పట్టీలు, లోపల ఆకారం నిలబెట్టే కొయ్య కడ్డీ. వాన తగిలితే నూలు పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి, లోపలి బట్టలు తడవవు. సంచి కుట్టిన మనిషి లోపలి చీటీ మీద సంతకం చేస్తాడు. నా పనికి నేను జవాబుదారీ అని ఇంత నిండుగా చెప్పే వస్తువులు ఈరోజుల్లో ఎన్ని ఉన్నాయి? వీటిలో పెద్దదైన క్యాంపర్ లాంగ్‌ఫ్లాప్‌లో 24 లీటర్ల సామాను పడుతుంది. అది సీటు వెనక ఉన్న రెండు ఉంగరాలకు వేలాడుతుంది. ఈ ఉంగరాల సంగతి గుర్తుపెట్టుకోండి.

మూడోది సీటు కింది కడ్డీ, అంటే సస్పెన్షన్ సీట్ పోస్టు. ఇందులో రెండు మతాలున్నాయి. గొట్టంలో గొట్టం దూరి కిందికి జారేది ఒకటి, నాలుగు కీళ్ల చట్రం ఉండేది ఇంకొకటి. నేను రెండో మతంవాణ్ని, దాచుకోను. జారుడు గొట్టం మీద బరువు ఎప్పుడూ ఏటవాలుగా పడుతుంది కాబట్టి, చిన్న కుదుపులకు అది బిగుసుకుని కదలదు. పాతబడేకొద్దీ పక్కలకు ఊగుతుంది. అమెరికా కంపెనీ కేన్ క్రీక్ చేసే థడ్‌బస్టర్ చూడండి. సమాంతర చతుర్భుజంలా అమర్చిన చేతుల మధ్య రబ్బరు దిమ్మె ఉంటుంది. చక్రం గుంతలో పడగానే సీటు వెనక్కీ కిందికీ కలిపి జరుగుతుంది. అందువల్ల సీటుకూ పెడల్‌కూ మధ్య దూరం దాదాపు మారదు, కాలు లయ తప్పదు. పొట్టి రకానికి 50 మిల్లీమీటర్లు, పొడుగు రకానికి 90 మిల్లీమీటర్ల కదలిక ఉంటుంది. రెడ్‌షిఫ్ట్ అనే ఇంకో కంపెనీ కడ్డీకి 35 మిల్లీమీటర్లే. తారు రోడ్డుకూ కంకర బాటకూ అది చాలు.

ఈ మూడూ కలిసే చోటే అసలు పనితనం బయటపడుతుంది. ఈమధ్య వస్తున్న పొడుగు తోక సంచుల్ని రెండు పట్టీలతో సీటు కింది పట్టాలకూ, ఇంకో పట్టీతో కడ్డీకీ కడతారు. మామూలు కడ్డీకి అది సరైన పద్ధతే. కీళ్ల కడ్డీకి అలా కడితే సీటు కిందికి దిగాలంటుంది, కింది పట్టీ దిగనివ్వదు. కీళ్ల మధ్య గుడ్డ నలుగుతుంది, చిరుగుతుంది. కాబట్టి సూత్రం ఒక్కటే: ఇందాకటి ఉంగరాలకు వేలాడినట్టు సంచి సీటుకే వేలాడాలి, సీటుతో పాటే కదలాలి. కింది పట్టీ కట్టక తప్పకపోతే కదిలే పైభాగానికే కట్టండి, కదలని గొట్టానికి వద్దు. సంచి మరీ ఊగుతుంటే కారడైస్ వాళ్ల బ్యాగ్‌మన్ లాంటి ఊత పెట్టుకోండి, అది సీటు పట్టాలకే బిగుస్తుంది. అదీ సీటుతో పాటే కదులుతుంది.

సంచి అడుగుకూ టైరుకూ మధ్య ఖాళీ, కడ్డీ కదలిక కంటే ఎక్కువ ఉండాలి. 90 మిల్లీమీటర్ల కడ్డీ అయితే బెత్తెడు ఖాళీ సరిపోదు, అంతకన్నా ఎక్కువే కావాలి. పొట్టివాళ్ల సైకిళ్లకు అంత చోటుండదు. వాళ్లకు 35 లేదా 50 మిల్లీమీటర్ల రకమే మేలు. రబ్బరు దిమ్మె ఎంచుకునేటప్పుడు మీ బరువుకు సంచి బరువు కలుపుకోండి. ఎక్కి కూర్చోగానే మొత్తం కదలికలో ఐదో వంతు దిగితే సరిగ్గా అమరినట్టు. సీటు ఎత్తు ఆ దిగుడును లెక్కలోకి తీసుకునే పెట్టుకోవాలి. బరువైన సామాన్లు సంచిలో సీటు వైపు, తేలికవి తోక వైపు.

దూరం తొక్కినవాళ్ల ఘనత తలచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది. బిల్లీ ఫ్లెమింగ్ అనే ఇంగ్లీషు యువతి 1938లో ఏడాది పొడుగునా రోజూ తొక్కి 47 వేల కిలోమీటర్లు దాటింది. వెంట ఉన్నది చిన్న సంచి, ఒక జత బట్టలు, కొన్ని పనిముట్లు. కెనడాలోని బాన్ఫ్ నుంచి మెక్సికో సరిహద్దు దాకా దాదాపు 4,400 కిలోమీటర్ల కొండదారిని మైక్ హాల్ అనే సైకిలిస్టు 2016లో 14 రోజుల లోపే ముగించాడు. అలాంటి దారుల్లో సుఖం విలాసం కాదు, ముందుకు సాగడానికి ఆధారం.

ఇంతటి విద్యను ఇప్పుడు నకిలీలు నమిలేస్తున్నాయి. పేరు సస్పెన్షన్, లోపల నాసిరకం స్ప్రింగు. నెల తిరక్కముందే లొడలొడ. పైకి తోలు సీటు, గోటితో గీకితే ప్లాస్టిక్. కాన్వాసు సంచి అంటారు, మొదటి వానకే లోపలి పూత పొలుసులు లేస్తుంది. వీటికి విడిభాగాలు దొరకవు, మరమ్మతు లేదు, చెత్తకుప్పే గతి. అవి కొని నడుం పట్టేసినవాడు ‘ఈ సస్పెన్షన్ అంతా మోసం’ అని పదిమందికీ చెబుతాడు. మంచి పనివాడి పేరు కూడా దానితోనే పోతుంది. నాకు కడుపు మండేది ఇక్కడే.

హైదరాబాదులో ఇప్పుడు 200, 300, 600 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు సవారీలు, తొక్కే కుర్రాళ్లున్నారు. వాళ్లకు నా మనవి ఇది. విప్పి మళ్లీ బిగించగలిగిన కడ్డీనే కొనండి. కీళ్లకు నూనె, తోలుకు మైనం తప్పక పెట్టండి. సంచి కోసం విదేశాలకే ఆర్డరు పెట్టనక్కర్లేదు. మన ఊళ్లలో లారీ టార్పాలిన్లు కుట్టేవాళ్లున్నారు, తోలు పట్టీలు కోసే చెప్పుల పనివాళ్లున్నారు. కొలతలిచ్చి, గిట్టుబాటు కూలి ఇచ్చి కుట్టించండి. లోపల వాళ్ల పేరు రాయమని అడగండి. నెల్సన్‌లో సాగిన పని మన దగ్గర సాగకపోవడానికి కారణం లేదు. అడిగేవాళ్లు లేకనే ఆగింది.