అరనిమిషపు ఉపదేశం

భారత ప్రభుత్వం 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. ఆ యాప్ పోయినా అది నేర్పిన అలవాటు పోలేదు. అదే ఏడాది జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ భారతదేశంలో ప్రవేశించి ఆ స్థానాన్ని ఆక్రమించాయి. నేడు వీటిలో పాటలు, హాస్యంతోపాటు ఖుర్ఆన్ పారాయణం, హదీసు, ధార్మికోపదేశం కూడా విరివిగా కనిపిస్తున్నాయి. కనుక ఇది కేవలం వినోదానికి సంబంధించిన సమస్య కాదు. ధర్మబోధకు ఈ సాధనం ఎంతవరకు తగినదన్నది ఆలోచించవలసిన విషయం.

విమర్శించేవారు ముందు న్యాయం పాటించాలి. మానవుని ఏకాగ్రత ఎనిమిది సెకన్లకు పడిపోయిందని, ఆ విషయంలో బంగారు చేపే నయమని ప్రసంగాలలో తరచు వినిపిస్తుంది. ఆ మాటకు నమ్మదగిన ఆధారం లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకురాలు గ్లోరియా మార్క్ పరిశీలనలు ఇంతకంటే గట్టివి. 2004లో తెరపై ఒక విషయం మీద సగటున రెండున్నర నిమిషాలు నిలిచిన దృష్టి ఇటీవలి సంవత్సరాలలో దాదాపు 47 సెకన్లకు తగ్గిందని ఆమె తెలిపారు. అయితే ఇది తెర ముందు మనిషి ప్రవర్తనకు కొలత మాత్రమే. ఏకాగ్రతాశక్తి నశించిందనడానికి ఇది రుజువు కాదు. ఈ వీడియోలకు, మానసిక అలజడికి సంబంధం ఉందని పలు అధ్యయనాలు సూచించాయి. కాని వీడియోల వల్ల అలజడి కలుగుతోందా, అలజడి ఉన్నవారే వీడియోలను ఆశ్రయిస్తున్నారా అన్నది ఇంకా తేలవలసి ఉంది. రూఢిగా తెలియని దాని వెంట పడరాదన్నది ఖుర్ఆన్ నేర్పిన మర్యాద.

ఈ వీడియోల దోషం పొట్టితనమేనని కొందరంటారు. అది సరికాదు. అస్ర్ సూరాలో ఉన్నవి మూడే ఆయత్‌లు. నమాజు దీర్ఘంగానూ ఖుత్బా క్లుప్తంగానూ ఉండటం మనిషి వివేకానికి చిహ్నమని దైవప్రవక్త (సఅసం) బోధించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. శ్రోతలు విసుగు చెందకూడదని ఆయన ఉపదేశానికి రోజులు చూసుకొని, మధ్యలో విరామమిచ్చేవారని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించారు. అంటే అక్కడ మాట చిన్నది, మాటకూ మాటకూ మధ్య ఎడం పెద్దది. ఆ ఎడంలోనే విన్నది హృదయంలో ఇంకేది, ఆచరణకు వచ్చేది.

పొట్టి వీడియోలలో లేనిది ఆ ఎడమే. వేలితో ఒక్కసారి పైకి తోస్తే చాలు, మరొకటి సిద్ధం. వచ్చేది ఏమిటో తెలియకపోవడమే చూపరిని కట్టిపడేస్తుంది. సమాధిని తలపించి కన్నీరు తెప్పించిన ఉపదేశకుని వెనుకనే వంటకం, దాని వెనుక నృత్యం వస్తాయి. కన్నీరు ఆరకముందే నవ్వు పుడుతుంది. ఏడుపు మనిషిని మార్చదు, నవ్వు సేదతీర్చదు.

మరో నష్టం విద్యకు కలుగుతుంది. తలాఖ్, వారసత్వం, వడ్డీ వంటి విషయాలలో షరతులు, మినహాయింపులు, ఇమాముల మధ్య అభిప్రాయభేదాలు ఉంటాయి. అరనిమిషంలో తీర్పు మాత్రమే మిగిలి, ఆధారం జారిపోతుంది. వినేవాడికి జ్ఞానం రాదు, తెలిసిందన్న ధీమా మాత్రం వస్తుంది.

అన్నిటికంటే గురుతరమైనది నమాజు విషయం. విశ్వాసుల గుణాలను వర్ణించేటప్పుడు ముమినూన్ సూరా నమాజులో ఖుషూను, ఆ వెంటనే లగ్వ్‌కు దూరంగా ఉండటాన్ని పేర్కొంది. ఈ వరుస గమనార్హం. వ్యర్థమైన వాటిలో రోజంతా తిరిగిన మనసు తక్బీర్ చెప్పగానే నిలవదు. ఒకమారు గీతల దుప్పటి కప్పుకొని నమాజు చేసిన దైవప్రవక్త (సఅసం), ఆ గీతలు ధ్యానాన్ని మళ్ళించాయని దానిని అబూ జహ్మ్‌కు తిప్పిపంపి, సాదా దుప్పటి తెప్పించుకున్నారు. దృష్టిని చెదరగొట్టే వాటిని కంటి ముందు నుండే తొలగించాలని ఇమామ్ గజాలీ ఇహ్యాలో సూచించినది కూడా ఈ మార్గమే. దుప్పటి గీతల విషయంలోనే అంత జాగ్రత్త అవసరమైతే, జేబులోని తెర విషయంలో ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి ధర్మబోధకులు పొట్టి వీడియోను గుమ్మంగా వాడుకోవచ్చు గాని, దానినే ఇల్లుగా చేసుకోరాదు. ఆధారం పేర్కొనడం, పూర్తి ప్రసంగానికో గ్రంథానికో దారి చూపడం వారి బాధ్యత. అజాన్‌కు కొంత ముందే ఫోను పక్కన పెట్టడం, రోజుకు కొన్ని ఆయత్‌లనైనా అర్థంతో నిదానంగా చదవడం పాఠకుల బాధ్యత. ఆరోగ్యం, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో అనేకులు నష్టపోతారని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఆ తీరిక నేడు అరనిమిషం చొప్పున చేజారిపోతోంది.