తెరిచి మరిచిన పోర్టు

చిన్న ఆఫీసుల నుంచి నాకొచ్చే ఫోన్లు రెండే రకాలు. ఇంటి నుంచి టాలీ ఓపెన్ కావట్లేదండీ అన్నది ఒకటి, ఊరు దాటితే సెల్లో కెమెరాలు రావట్లేదండీ అన్నది రెండోది. రెండింటికీ మూలం ఒకటే, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్.

ఆఫీసులో పది కంప్యూటర్లున్నా బయటికి కనిపించేది రౌటర్ అడ్రసు ఒక్కటే. లోపలి యంత్రాలకుండే 192.168 అడ్రసులు ఏ ఆఫీసులో చూసినా అవే, బయట వాటికి విలువ లేదు. అందుకని ఫలానా పోర్టుకు వచ్చినదాన్ని ఫలానా సిస్టమ్‌కి పంపమని రౌటర్‌లో రూల్ రాస్తాం. నాలుగో ఫ్లోర్ పేరు చెప్పి ఎవరొచ్చినా పైకి పంపెయ్ అని అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి చెప్పినట్టు. ఇందులో 'ఎవరొచ్చినా' అన్న ముక్క దగ్గరే గొడవంతా ఉంది. దాని సంగతి తర్వాత.

పని చేయకపోతే చాలామంది కుర్రాళ్లు రూల్ తీసేసి మళ్లీ రాస్తారు, రౌటర్ ఆపి వేస్తారు. నేను ముందు రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ, అంటే రౌటర్ బయటివైపు అడ్రసు, చూస్తాను. అది 100.64కూ 100.127కూ మధ్య ఉందంటే ఇక రూల్ జోలికి వెళ్లక్కర్లేదు. ప్రపంచం మొత్తానికి ఐపీవీ4 అడ్రసులు దాదాపు 429 కోట్లే. అవి చాలక ఇంటర్నెట్ కంపెనీలు ఎందరో కస్టమర్లను ఒకే పబ్లిక్ అడ్రసు వెనక పెడుతున్నాయి. ఆ పనికోసం 2012లో విడిగా కేటాయించిన వరస ఇది. బయటి పిలుపు కంపెనీ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి మన రౌటర్‌లో ఎన్ని రూల్స్ రాసినా బూడిదలో పోసిన పన్నీరే. డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవాలి. వాన్ ఐపీ కూడా 192.168 అనే చూపిస్తే ముందున్న ఫైబర్ బాక్సు కూడా రౌటర్ పనే చేస్తోందన్నమాట. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించాలి.

ఆ రెండూ కాకపోతే కరెంటు మీద అనుమానపడతాను. కరెంటు పోయి వచ్చాక టాలీ సిస్టమ్‌కి ఒక్కోసారి కొత్త లోపలి అడ్రసు వస్తుంది, రూల్ మాత్రం పాత అడ్రసుకే పంపుతుంటుంది. ఈలోగా ఆ పాత అడ్రసు ఏ ప్రింటర్‌కో దక్కి ఉంటుంది! ఆ సిస్టమ్‌కి ఎప్పుడూ ఒకే అడ్రసు వచ్చేలా డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెడితే ఈ బెడద ఉండదు. విండోస్ ఫైర్‌వాల్ అడ్డుపడటం సరేసరి. ఇంకోటి, ఆఫీసు వైఫైలో కూర్చుని బయటి అడ్రసు కొట్టి రావట్లేదనేవాళ్లున్నారు. లోపలి నుంచి బయటికెళ్లి మళ్లీ లోపలికి తిరగడం చాలా రౌటర్లకు చేతకాదు. వైఫై ఆపేసి మొబైల్ డేటాతో చూడాలి.

ఇదంతా ఓపికుంటే ఎవరైనా నేర్చుకునే విద్యే. రూల్ పని చేయడం మొదలయ్యాకే నాకు అసలు బెంగ. ఆగిపోయిందని ఫోన్ చేస్తారు గానీ, అక్కర్లేని పోర్టు ఇంకా తెరిచే ఉందని ఇప్పటిదాకా నాకెవరూ ఫోన్ చేయలేదు.

మా చిన్న ఆఫీసు ఎవడికి కావాలండీ అంటారు. ఎవరికీ ఆ ఆఫీసే అక్కర్లేదు, తెరిచి ఉన్న పోర్టు చాలు. మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు 2013లో జీమ్యాప్ అనే పనిముట్టు చేశారు. మంచి లైనుంటే ఒక్క మెషీనుతో, ముప్పావు గంటలోపు, ఐపీవీ4 ఇంటర్నెట్ అంతటా ఒక పోర్టు ఎక్కడెక్కడ తెరిచి ఉందో చూసేయొచ్చు. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389ని 33890గా మార్చి ఊరుకునేవాళ్లకు ఈ సంగతి చెబుతుంటాను. పాస్‌వర్డ్ గట్టిదేనండీ అన్న ధీమా కూడా చాలదు. 2019లో బయటపడ్డ బ్లూకీప్ లోపంతో పాస్‌వర్డ్ అడిగే లోపే పాత విండోస్‌లోకి దూరే వీలుంది. అప్పటికే వదిలేసిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ మందు పంపాల్సొచ్చింది. కెమెరాల కథ ఇంకా పాతది. కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్నీ డీవీఆర్‌లనీ 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ వశం చేసుకుంది. ఆ అక్టోబర్‌లో సైట్ల పేర్లకు అడ్రసులు చూపే డిన్ అనే సంస్థ మీద వాటితో చేసిన దాడికి అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి తడబడ్డాయి. తెర మీద బొమ్మ మామూలుగా వస్తుంటే తన డీవీఆర్ ఏం చేస్తోందో షాపు ఓనరుకేం తెలుస్తుంది?

పాత ఆఫీసుల రౌటర్ తెరిస్తే టెస్ట్, న్యూ, కెమెరా2 అని రూల్స్ వరసగా ఉంటాయి. ఆ కెమెరా2 డీవీఆర్ ఎప్పుడో పాత సామానుకి వెళ్లిపోయి ఉంటుంది. యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే లోపలి యంత్రాలే అడిగి తెరిపించుకున్నవి మరికొన్ని.

"ఇదెవరిదండీ?"

"ముందున్న కుర్రాడు పెట్టాడు. పని చేస్తోందిగా, కదిలించకండి సార్."

ఆడిటర్ల ఆఫీసుల్లోనైతే సెప్టెంబర్ నెలాఖరు దగ్గరపడితే కేబుల్ కూడా ముట్టనివ్వరు. అయినా ఒప్పించి ఆ రూల్స్ ఆపేస్తాను. కావలసినవాళ్లు ఎలాగూ ఫోన్ చేస్తారు. చాలా వాటికి ఎవరూ చేయరు.

నిజంగా బయటి నుంచి పని ఉన్నవాళ్లకి వీపీఎన్ పెట్టాలి. 2020లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన వైర్‌గార్డ్ అనే వీపీఎన్, తాళంచెవి లేనివాడు ఎన్నిసార్లు తట్టినా బదులే ఇవ్వదు. స్టాటిక్ ఐపీ లేనిచోట టెయిల్‌స్కేల్ లాంటిదైతే ఒక్క పోర్టూ తెరవక్కర్లేదు. ఇంకో యాప్ ఎందుకండీ అని విసుక్కుంటారు. ఆ విసుగు రెండు రోజులే. తెరిచిన పోర్టులోంచి రాన్సమ్‌వేర్ దూరి డేటా మొత్తానికి తాళం పడితే టాలీ లెక్కలన్నీ కాగితాల నుంచి మళ్లీ ఎక్కించుకోవాలి.

ఇలాంటి దాడి తెలిసిన 6 గంటల్లోపు తమకు చెప్పాలని, లాగ్‌లు 180 రోజులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశాలిచ్చింది. చాలా చిన్న ఆఫీసుల రౌటర్లలో లాగ్ ఆన్ చేసి కూడా ఉండదు. ఈ వారం మీ రౌటర్ పేజీ ఒకసారి తెరిపించండి. ఎవరిదో చెప్పలేని రూల్ కనిపిస్తే తీసేయించండి, యూపీఎన్‌పీ ఆపించండి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా రౌటర్ స్టిక్కర్ మీద ఉన్నదే అయితే ముందు దాన్ని మార్చండి.