డీజిల్ ఎవలు పోస్తరు?

యుద్ధం ఆటల్లో ట్యాంకులకు డీజిల్ అయిపోవాలా, వద్దా? కలిసి ఆడే మా గుంపులో ఇంతకంటే గట్టిగా వాదించుకునే విషయం లేదు. గోదావరిఖని, శ్రీరాంపూర్, మంచిర్యాల నుంచి వాళ్లు, ఇటు జైపూర్ నుంచి నేను, ఎవరింట్లో వాళ్లం కూర్చుని నెట్‌లో కలుస్తాం. మిషన్ కట్టేది ఎక్కువగా నేనే. ఏ దళం ఎక్కడ మొదలవ్వాలి, ఏ వంతెన ఎవరి చేతిలో ఉండాలి, పొద్దు ఎప్పుడు గుంకాలి, అన్నీ ముందే పేర్చిపెట్టాలి. దూరం పోవాల్సిన మిషన్ అయితే అందులో డీజిల్ లెక్క ఉండి తీరాలన్నది నా పట్టు.

ఈ పట్టు మా చిన్నాయన వల్ల అబ్బింది. ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో, అంటే ఓసీలో, డంపర్ నడిపి రిటైరైన మనిషి. ఒకసారి నా వెనకాల నిలబడి, తెర మీద ట్యాంకులు గుట్ట ఎక్కడం చాలాసేపు చూశాడు. ఎవరు గెలుస్తున్నారని అడగలేదు. “ఇంతసేపటి సంది ఉరుకుతున్నయి గదరా, వీటికి డీజిల్ ఎవలు పోస్తరు?” అన్నాడు.

“ఈ ఆటల డీజిల్ అయిపోదు చిన్నాయనా.”

“గట్లయితే గుట్ట ఎందుకు పెట్టిండ్రు మరి?”

ఓసీలో పనిచేసినవాళ్లకు ఆ ప్రశ్న వెనకున్న లెక్క తెలుసు. గనిలో డంపర్లు నడిచే హాల్ రోడ్డు వాలు మామూలుగా 16కు 1 మించకూడదు. అంటే 16 మీటర్లు పోయేసరికి ఒక మీటరు ఎత్తు ఎక్కుతాం. బాగా చదునుచేసి గట్టిపరిచిన రోడ్డు మీద చక్రాలు దొర్లడానికి కావలసిన బలం బండి బరువులో సుమారు 2 శాతం. ఎక్కుడు తగిలితే దానికి ఇంకో 6 శాతం పైన కలుస్తుంది. అదే బండి, అదే బరువు, అదే కిలోమీటరు, కానీ ఇంజన్ లాగాల్సింది నాలుగింతలు. వానాకాలం రోడ్డు బురదై చక్రం దిగబడిందంటే లెక్క మళ్లీ మారుతుంది. అందుకే గనుల్లో డంపర్ ఎంత తాగుతుందో కిలోమీటర్లలో చెప్పరు, గంటకు ఇన్ని లీటర్లని చెప్తారు. డంపర్లను నింపే షావెల్ దగ్గర తన వంతు కోసం ఇంజన్ ఆపకుండా నిలబడ్డ డంపర్ కూడా తాగుతూనే ఉంటుంది. చైన్ మీద నడిచే డోజర్ అయితే డీజిల్ కోసం పాక్కుంటూ పైకి రాలేదు. డీజిల్ మోసే లారీ, అంటే బౌజరే దాని దగ్గరికి దిగాలి. బౌజర్ పోయే దారి చెడిపోతే అక్కడ పని ఆగిపోతుంది.

ట్యాంకూ చైన్ మీద నడిచే బండే. అమెరికా అబ్రామ్స్ ట్యాంకీలో సుమారు 1,900 లీటర్లు పడుతుంది. టర్బైన్ ఇంజన్ కాబట్టి కదలకుండా నిలబడ్డా దాని దాహం తీరదు. అంత దూరం ఎందుకు, మన ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే బీఎంపీ-2 సారథ్ కవచ వాహనాన్నే చూడండి. ట్యాంకీ 462 లీటర్లు. మంచి రోడ్డు మీద దాంతో 550, 600 కిలోమీటర్లు పోవచ్చు. ఇసుకలో, దున్నిన చేలల్లో ఆ దూరం బాగా తగ్గిపోతుంది. పది బండ్లను ఒక్కసారి నింపాలంటే 4,620 లీటర్లు కావాలి. ఆ డీజిల్‌ను మోసుకుంటూ వెనక వచ్చే లారీకి కవచం లేదు, తోపు లేదు.

ఆ లారీలో కూర్చున్న మనిషి ఆటలో కనిపించకపోవడమే నన్ను బాధపెడుతుంది. 1944 ఆగస్టు చివర్లో ఫ్రాన్స్‌లో జర్మన్లు వెనక్కి పరుగెడుతుండగానే అమెరికా జనరల్ ప్యాటన్ థర్డ్ ఆర్మీ పెట్రోల్ లేక ఆగిపోయింది. ముందుకు దూసుకుపోయిన సైన్యాలకు పెట్రోల్, మందుగుండు చేర్చడానికి ఆగస్టు 25 నుంచి నవంబరు 16 దాకా ‘రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్’ పేరుతో రాత్రింబగళ్లు లారీలు నడిపారు. ఆ డ్రైవర్లలో దాదాపు నలుగురిలో ముగ్గురు నల్లజాతి సైనికులు. పోరాడే దళాల్లోకి వాళ్లను పెద్దగా రానివ్వని సైన్యం అది. ఆ యుద్ధం మీద నేను ఆడిన ఆటల్లో చాలావాటిలో షెర్మన్ ట్యాంకు నడపొచ్చు. ఆ లారీ మాత్రం నడపలేం.

అదే ఏడు డిసెంబరులో ఆర్డెన్స్ అడవుల్లో జర్మనీ చేసిన దాడి, దారిలో అమెరికన్ల పెట్రోల్ చేజిక్కించుకోవచ్చన్న ఆశ మీద కూడా ఆధారపడింది. ముందు నడిచిన జర్మన్ అధికారి పైపర్ దళానికి బ్యులింగెన్‌లో పెట్రోల్ దొరికింది, ఆ తర్వాత దొరకలేదు. మాల్మెడీ దగ్గర బందీలను కాల్చి చంపిన దళం అదే. డిసెంబరు 24 తెల్లవారకముందే లా గ్లేజ్ ఊళ్లో ట్యాంకులు వదిలేసి దాదాపు 800 మంది కాలినడకన పోయారు. వాళ్లు వదిలిన కింగ్ టైగర్ ట్యాంకు ఒకటి ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది. ఆటల్లో కింగ్ టైగర్‌ను కోరి ఎంచుకునే కుర్రాళ్లు దాని కవచం మందం మిల్లీమీటర్లతో సహా చెప్తారు. పెట్రోల్ లేక ట్యాంకులు వదిలేసి నడవాల్సి వచ్చిందన్న సంగతి ఆ ఆట వాళ్లకు చెప్పదు. 2022లో కీవ్‌కు ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల పొడవున నిలిచిపోయిన రష్యా వాహనాల బారును టీవీల్లో చూశాక కూడా ఆటలది ఇదే తీరు.

అన్ని ఆటలకూ ఇది కావాలని నేననను. 15 నిమిషాల్లో ముగిసే వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్‌లో ఇంధనం లెక్క లేకపోవడమే సరి, నిండు ట్యాంకీతో బయల్దేరిన బండి పావుగంటలో ఎండిపోదు. వార్ థండర్‌లో విమానానికి ఇంధనం ఎంత నింపాలో ఎంచుకోవాలి, నేల మీది బండ్లకు ఆ పని లేదు. ఆ నిడివికి అదీ ఒప్పుకుంటాను. లెక్క పెడితే ఆట విసుగొస్తుందన్న మాట మాత్రం ఒప్పుకోను. మన పిల్లలు పొద్దస్తమానం ఆడే బీజీఎంఐలో బండికి పెట్రోల్ అయిపోతుంది, క్యాన్ వెతికి పోసుకోవాలి. అందుకని ఎవరైనా ఆ ఆట మానేశారా? సైన్యాలు శిక్షణకు కూడా వాడే స్టీల్ బీస్ట్స్‌లో ఈ లెక్క ఉంది. ఆర్మా 3లో గేజ్ ఉంది, ఇంధనం లారీ ఉంది, కానీ గుట్ట ఎక్కుడుకూ చదునుకూ తేడా నాకు చాలినంత కనిపించదు.

తెర మూలన ఒక గీత తరగడం నాకు చాలదు. వాలు, నేల, బరువు చూసి తాగుడు మారాలి. ఇంజన్ ఆపాలా వద్దా అన్నది కమాండర్ తేల్చుకోవాల్సిన సంగతి కావాలి. ఆపితే డీజిల్ మిగులుతుంది, చప్పుడూ ఉండదు. కానీ శత్రువు కనబడ్డ క్షణంలో కదలడం ఆలస్యమవుతుంది. ఇంకొకటి, మిగిలిన డీజిల్‌ను లీటర్లలో కాక గంటల్లో చూపాలి. మా జైపూర్ మండలం పెగడపల్లిలో 1,200 మెగావాట్ల సింగరేణి థర్మల్ ప్లాంటు ఉంది. ఏ థర్మల్ ప్లాంటు సంగతైనా బొగ్గు ఎన్ని రోజులకు సరిపోతుందని అడుగుతారు. అట్లా అడిగితేనే ఏం చేయాలో తెలుస్తుంది. దళపతికీ అదే కావాలి.

ఫాక్స్‌హోల్ అనే ఆటలో ఇంధనం, ఆయుధాలు అన్నీ ఆటగాళ్లే తయారుచేసి లారీల్లో ముందుకు చేర్చాలి. 2022 జనవరిలో ఆ మోతపని చేసే ఆటగాళ్లు సంఘం కట్టి సమ్మెకు దిగారు. తమ పని మరీ దుర్భరంగా ఉందని, ఆట తయారుచేసినవాళ్లు దాన్ని బాగుచేయాలని అడిగారు. ఆ వార్త చదివి నేను ఎంత సంబరపడ్డానో చెప్పలేను. 2011 సెప్టెంబరు 13న తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై సింగరేణి బొగ్గు కార్మికులు కూడా దిగినప్పుడు కరెంటు కోతలు ఎక్కడిదాకా పోయాయో చూసినవాళ్లం మేము. వెనక మోసేవాడు ఆగితే ముందున్నది ఆగుతుందన్న నిజాన్ని ఒక ఆట తన నియమాల్లోనే పెట్టుకోగలిగింది.

మా గుంపులో మొదట్లో బౌజర్ ఎక్కడానికి ఎవరూ ముందుకు రాలేదు. దాన్ని క్షేమంగా చేర్చినవాడికి ట్యాంకును కొట్టినవాడితో సమానంగా పాయింట్లు పెట్టాను. వచ్చే మిషన్‌లో వాన ఉంటుంది. వాగు దాటే దారి ఒక్కటే, అదీ ట్యాంకులు ముందు పోవడంతో గుంతలు పడి ఉంటుంది. ఈసారి బౌజర్ తనే తోలుతానని శ్రీరాంపూర్ తమ్ముడు తనంత తానే చెప్పాడు. పగలు పోవాలా, చీకటి పడ్డాక పోవాలా ఆలోచించుకుంటాడట, మ్యాపు ముందే పంపమన్నాడు.