కథను ఆపడం తెలిసినవాళ్లు

‘హోష్‌రుబా’ అనే ఉర్దూ కథలో మాంత్రికుడు చచ్చాడంటే మామూలుగా చావడు. పట్టపగలే చీకటి కమ్ముతుంది. గాలిదుమారం లేస్తుంది, నిప్పులూ రాళ్లూ కురుస్తాయి, కంటికి కనబడని భూతాలు గొల్లుమంటాయి. చివరికి ఎక్కడినుంచో ఒక గొంతు, చచ్చినవాడి పేరు దిక్కులు అదిరేలా చాటుతుంది. వేల పేజీల ఆ కథలో ఇలాంటి చావులు ఎన్నో వస్తాయి, ప్రతి చావుకీ దాదాపు ఇదే తంతు. అయినా విసుగు రాదు. ఆ గోలతోనే శత్రువుల శిబిరం మొత్తానికి కబురు చేరిపోతుంది మరి! మారువేషంలో లోపలికి దూరి ఆ మాంత్రికుణ్ణి మట్టుబెట్టినవాడు ఇక ఒక్క క్షణం అక్కడ నిలబడ్డా దొరికిపోతాడు. చావు అయిపోయింది కాబట్టి ఊపిరి పీల్చుకుందామనుకునే చోటే కథకుడు మన ఊపిరి బిగబట్టిస్తాడు.

ఏళ్ల తరబడి సాగే ఫాంటసీ నవలలంటే ఇప్పటి పాఠకులు ఇంగ్లిష్ పేర్లే చెబుతారు. ఆ నవలల మీద నాకు కోపం లేదు. కానీ వాటన్నిటికంటే ముందు, లక్నోలో, నవల్ కిషోర్ ప్రెస్ 1883లో మొదలుపెట్టి 20వ శతాబ్దంలోకి కూడా అచ్చువేస్తూ పోయిన ఉర్దూ ‘దాస్తానె అమీర్ హమ్జా’ 46 సంపుటాలు ఉన్నాయి. ఒక్కో సంపుటం సగటున 900 పెద్ద పేజీలు. ఆ 46లో తలమానికం ‘తిలిస్మె హోష్‌రుబా’. ఏడు సంపుటాలు, అయిదోది రెండు భాగాలు కాబట్టి మొత్తం ఎనిమిది పుస్తకాలు. 1883 నుంచి 1893 వరకు పదేళ్లలో వెలువడ్డాయి. మన దేశంలో ఇంత పెద్ద ఊహాలోకాన్ని ఇంత ఓపికగా, ఇంత సొగసుగా కట్టిన పుస్తకం ఇంకొకటి లేదని నా నమ్మకం.

చరిత్ర క్లుప్తంగా చెబుతాను. హమ్జా అంటే ముహమ్మద్ ప్రవక్త పినతండ్రి. ఆ పేరు చుట్టూ పారశీక దేశంలో కథలు అల్లుకున్నాయి, కథకుల వెంట మన దేశానికి వచ్చాయి. అక్బర్ చక్రవర్తికి ఈ కథంటే ప్రాణం. గుడ్డ మీద 1400 బొమ్మలు వేయించాడు, ఆ పనికి పదిహేనేళ్లు పట్టిందంటారు. దక్కన్‌కూ వాటా ఉంది. హాజీ కిస్సాఖాన్ హమదానీ అనే పారశీక కథకుడు 17వ శతాబ్దంలో హైదరాబాదు చేరి, తన హమ్జా కథను గోలకొండ ఏలిక అబ్దుల్లా కుతుబ్‌షాకు అంకితమిచ్చాడు. హోష్‌రుబా మాత్రం పారశీకం నుంచి రాలేదు. అక్బర్ ఆస్థానకవి ఫైజీ రాసిన మూలం ఉందని ప్రచారం చేశారు గానీ, అది లక్నో కథకుల సొంత సృష్టి. మీర్ అహ్మద్ అలీ దీనికి ఆద్యుడని, అంబా ప్రసాద్ రసా లాంటివాళ్లు పెంచి పెద్ద చేశారని ఆ పరంపరలో చెప్పుకుంటారు.

ఇంతకీ కథ? తనను తాను దేవుడిగా చాటుకునే లఖా అనే దగాకోరును హమ్జా తరుముతుంటాడు. వాడు పారిపోయి పారిపోయి హోష్‌రుబా పొలిమేరల్లో తలదాచుకుంటాడు. హోష్‌రుబా ఒక తిలిస్మ్, అంటే మాయతో కట్టిన రాజ్యం. దాని చక్రవర్తి అఫ్రాసియాబ్. ఆ రాజ్యానికి మూడు భాగాలు. కనిపించే జాహిర్, కనిపించని బాతిన్, చీకటి రాజ్యమైన జుల్మాత్. జాహిర్‌కూ బాతిన్‌కూ మధ్య నెత్తుటి నది పారుతుంది. దాని మీద పొగతో కట్టిన వంతెన, వంతెనకు కావలిగా పొగ సింహాలు. హమ్జా కొడుకు బదీఉజ్జమాన్ వేటకు వెళ్లి ఈ మాయలో చిక్కుకుపోతాడు. విడిపించడానికి మనవడు అసద్ బయలుదేరతాడు.

దాస్తాన్ అనే ఈ కథారూపం గొప్పతనం ఇక్కడే. ప్రతి తిలిస్మ్‌నీ కట్టేటప్పుడే దాన్ని పడగొట్టేవాడు ఎవరో రాసిపెట్టి ఉంటుంది. పడగొట్టే ఉపాయం ‘లౌహ్’ అనే పలక మీద ఉంటుంది, ఆ పలక ఎక్కడో దాచి ఉంటుంది. హోష్‌రుబాను కూల్చేవాడు అసద్ అని అఫ్రాసియాబ్‌కు తెలుసు. శత్రువులకు తెలుసు. వినేవాళ్లకూ తెలుసు. ముగింపు ముందే చెప్పేసి, ఆ తర్వాత ఎనిమిది పుస్తకాల పాటు మనల్ని కట్టిపడేయడం ఆషామాషీ పని కాదు. ‘తర్వాత ఏమవుతుంది’ అన్న ప్రశ్న మీద బతికే నవలకు ఈ ధైర్యం లేదు. దాస్తాన్ ‘ఎలా అవుతుంది’ అన్న ఒక్క ప్రశ్న మీద నిలబడుతుంది.

ఆ ‘ఎలా’కి నాలుగు దినుసులు. రజ్మ్ అంటే యుద్ధం, బజ్మ్ అంటే సభ, విందు, శృంగారం. మూడోది తిలిస్మ్, నాలుగోది అయ్యారీ. యుద్ధమూ విందూ ఎవరైనా వర్ణిస్తారు. హోష్‌రుబా కథకుల నేర్పు చూడాలంటే చివరి రెండింటి దగ్గర ఆగాలి.

అయ్యార్ అంటే వేగు, గజదొంగ, బహురూపి, పాటగాడు, అన్నీ ఒకడే. మంత్రం ఒక్కటి కూడా రాదు. రంగులూ నూనెలూ పూసుకుని క్షణంలో ముసలమ్మ అవుతాడు, ఇంకో క్షణంలో రాణిగారి చెలికత్తె అవుతాడు. మత్తుపొడి, ఉచ్చుతాడు, ఒడిసెల, ఈల, ఇవే వాడి ఆయుధాలు. అయ్యార్లందరికీ గురువు అమర్. వాడి భుజాన వేలాడే జంబీల్ అనే సంచిలో ఊళ్లూ నదులూ ఇమిడిపోతాయి. కప్పుకుంటే మాయమయ్యే కంబళి ఉంది, ఎంత బరువునైనా ఎత్తుకొచ్చే వల ఉంది. ఇన్ని ఉన్నా వాడికి పరమ పిసినారితనం. యుద్ధభూమిలో చచ్చినవాడి ఒంటి మీద నగ కూడా వదలడు. నాకు ఈ మొత్తం దాస్తాన్‌లో హమ్జా కంటే అమరే నాయకుడు. హమ్జా ధర్మం తప్పడు, మాట తప్పడు, వాణ్ణి గౌరవిస్తాం. అమర్ కోసం మాత్రం ఎదురుచూస్తాం.

ఇక మంత్రానికీ అయ్యారీకీ పోటీ ఎలా నడుస్తుందో చూడండి. అఫ్రాసియాబ్ దగ్గర సామిరీ గ్రంథం ఉంది. తెరిచి చూస్తే లోకంలో జరుగుతున్న నిజమంతా కనిపిస్తుంది. ఎదుట కూర్చుని వీణ వాయిస్తున్న అందగత్తె ఎవరో కూడా అది చెప్పేస్తుంది. అలాంటి పుస్తకం శత్రువు చేతిలో ఉంటే చేతగాని రచయిత కథ ఒక్క పేజీలో ముగిసిపోతుంది. ఇక్కడ కథకుడు పుస్తకాన్ని దాచడు, పోగొట్టడు, పాడు చేయడు. చక్రవర్తి దాన్ని తెరవాలన్న అనుమానం పుట్టకుండా అయ్యార్ ఏం చేశాడు, అనుమానం పుట్టిన తర్వాత కబురు అందేలోపు ఏం చేశాడు, అన్నదాని మీదే ఘట్టం మొత్తం నడుపుతాడు. వేషం ప్రతిసారీ కొత్తది, ఆలస్యానికి కారణం ప్రతిసారీ కొత్తది. ఇదే ఎత్తును తిప్పి తిప్పి వేస్తూ, ఒకసారి వేసినట్టు మరోసారి వేయకుండా వేల పేజీలు నడపగలగడం పాండిత్యం కాదా?

ఆడవాళ్ల సంగతి చెప్పకపోతే పాపం. అఫ్రాసియాబ్ మీద తిరగబడ్డ సేనకు నాయకురాలు మహ్‌రుఖ్. అతని మహారాణి హైరత్‌కు స్వయానా చెల్లెలైన బహార్ కూడా తిరుగుబాటుదార్లతో కలుస్తుంది. ఆమె పూలగుత్తి విసిరిందంటే యుద్ధభూమిలో వసంతం విరుచుకుపడుతుంది. శత్రుసేన కత్తులు పారేసి, ప్రేమతో మతిపోయి, ఆమె వెంట నడుస్తుంది. పూలతో సైన్యాన్ని ఓడించిన ఘట్టం ఇంకెక్కడ ఉంది! అమర్‌కు దీటుగా అఫ్రాసియాబ్ కొలువులో సర్సర్ అనే కత్తిసాము పిల్ల ఉంది. వాళ్లిద్దరి మధ్య పగకూ వలపుకూ తేడా తెలియని ఆట సాగుతూనే ఉంటుంది.

ఈ సంపదనంతా అక్షరాల్లో పెట్టినవాళ్లలో నా ఓటు ముహమ్మద్ హుసేన్ జాహ్‌కే. మొదటి నాలుగు సంపుటాలు ఆయనవి. ప్రెస్సుతో చెడి ఆయన వెళ్లిపోతే మిగిలినవి అహ్మద్ హుసేన్ ఖమర్ రాశాడు. ఖమర్ యుద్ధాలు భారీగా ఉంటాయి, మాయలు ఇంకా పెద్దవిగా ఉంటాయి, ఆ శక్తిని కాదనను. కానీ జాహ్ వచనం వేరు. ఒక తోటను వర్ణిస్తే చెట్లూ పూలూ పిట్టలూ గుక్క తిప్పుకోకుండా ప్రాసల మీద దొర్లుకుంటూ వస్తాయి, మరుక్షణం బజారు మనుషుల మాటల్లోకి దిగిపోతుంది. పల్లకీ బోయీలూ పూలమ్మేవాళ్లూ లక్నో చౌక్‌లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడతారు. మన ప్రబంధాల్లో పురవర్ణన చదివి ఆనందించినవాళ్లకు ఈ రుచి వెంటనే అందుతుంది. పైగా ఖమర్ తన సంపుటాల్లోనే జాహ్‌ను తక్కువ చేసి మాట్లాడాడు. వేరొకరు కట్టిన మేడ ఎక్కి వాళ్లనే దూషించడం నాకు మింగుడుపడదు.

ఇదంతా అచ్చులో చదవడానికి పుట్టింది కాదు, చెవితో వినడానికి పుట్టింది. దాస్తాన్‌గో, అంటే దాస్తాన్ చెప్పేవాడు, మోకాళ్ల మీద కూర్చుని చెబుతాడు. వాద్యం లేదు, వేషం లేదు. ఉన్నది గొంతు, కళ్లు, చేతులు. అతని విద్యలో అన్నిటికంటే పెద్దది కథను ఆపడం. కథ వదిలేయడం కాదు, కథ నడుస్తున్నట్టే ఉంటూ అడుగు ముందుకు పడకుండా నిలబెట్టడం. ఒక గురువుగారు ఊరికి వెళ్తూ శిష్యుడికి కథ అప్పగించారట. అప్పటికి నాయకుడు నాయిక గది తెర దగ్గర నిలబడి ఉన్నాడు. గురువుగారు చాలా రోజుల తర్వాత తిరిగొచ్చేసరికి నాయకుడు ఇంకా ఆ తెర దగ్గరే ఉన్నాడు, జనం ఒక్కరూ లేచి పోలేదు. నిజమో కాదో గానీ, ఈ విద్యలో ఉన్నవాళ్లు గొప్పను దేనితో కొలిచేవారో దీన్నిబట్టి తెలుస్తుంది. తెర మీద అల్లిక, తెర వెనక అత్తరు వాసన, అవతల గాజుల చప్పుడు, ఇవతల గుండె చప్పుడు. వీటితో రోజులు గడపాలంటే ఎంత భాష ఉండాలి!

మీర్జా గాలిబ్‌కు హమ్జా దాస్తాన్ సంపుటం చేతికందితే పండగే. పగలంతా పుస్తకం, రాత్రంతా మద్యం అని మిత్రుడికి ఉత్తరంలో మురిసిపోయాడు. అలాంటి విద్య కళ్లముందే ఎండిపోయింది. 1857 తర్వాత పోషించే కొలువులు చెదిరిపోయాయి. సంస్కర్తలు వచ్చి ఇదంతా నీతిలేని కట్టుకథ అన్నారు. విమర్శకులు ఇంగ్లిష్ నవల గజం బద్ద పట్టుకొచ్చి, పాత్రల్లో ఎదుగుదల లేదు, ఒకే ఘట్టం మళ్లీ మళ్లీ వస్తోందని తీర్పు ఇచ్చారు. చెవికోసం కట్టినదాన్ని కంటితో కొలిచి తక్కువ తూగిందన్నారు! ఆ తర్వాత సినిమా వచ్చింది. ఢిల్లీలో చివరి దాస్తాన్‌గో మీర్ బాఖర్ అలీ, బక్కపలచటి మనిషి. రాజు మాట వస్తే రాజులా, ముసలమ్మ మాట వస్తే ముసలమ్మలా మారిపోయేవాడట. చివరి రోజుల్లో పోకచెక్కలు అమ్ముకుని బతికాడంటారు. 1928లో పోయాడు. ఆయన గొంతు మనకు మిగిలింది గ్రియర్సన్ నడిపిన భారతీయ భాషల సర్వే కోసం రికార్డు చేసిన కొద్ది నిమిషాలే. అక్బర్ బొమ్మల గతీ అంతే. 1400 బొమ్మల్లో మిగిలినవి రెండు వందల లోపే. కొన్నిటిని 1881లో శ్రీనగర్‌లో ఒక ఇంగ్లిష్ అధికారి కిటికీలకు అడ్డం కట్టి ఉండగా చూసి కొనుక్కెళ్లాడు, అవి ఇప్పుడు లండన్‌లో ఒక మ్యూజియంలో ఉన్నాయి.

దీనికంటే నన్ను ఎక్కువ మండించేది నకళ్లు. దేవకీనందన్ ఖత్రీ 1888లో ‘చంద్రకాంత’ రాసి తిలిస్మ్‌నూ అయ్యార్లనూ హిందీలోకి తెచ్చాడు. మంత్రం తీసేసి యంత్రం పెట్టాడు, అది నిజాయితీ గల వారసత్వం. ఆ పుస్తకం కోసం ఎందరో హిందీ నేర్చుకున్నారని చెబుతారు. ఆ తర్వాత వచ్చినవాటిని ఏమనాలి? అట్ట కిరీటాలూ పొగ యంత్రాలూ పెట్టి తీసిన టీవీ సీరియళ్లు, ఎనిమిది పుస్తకాలను నూట యాభై పేజీలకు కుదించిన ‘సులభ’ కథలు! కుదించినవాళ్లు ముందు కోసేసేది వర్ణనలనే. తర్వాత పునరుక్తి అని అయ్యారీ ఘట్టాలను కోస్తారు. ఇక మిగిలేది ‘అసద్ వెళ్లాడు, గెలిచాడు’ అన్న రెండు ముక్కలు. తెర దగ్గర నిలబడ్డ నాయకుణ్ణి ఒక్క వాక్యంలో గదిలోకి నెట్టేస్తే అది దాస్తాన్ ఎలా అవుతుంది? పిల్లల కోసమని సాకు చెబుతారు. కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలూ ఆబగా చదివిన తెలుగు పిల్లలకు పొడవంటే భయం ఎప్పుడుంది?

ఈ విద్య మళ్లీ బతికిందంటే ఉర్దూ విమర్శకుడు షంసుర్ రహమాన్ ఫారూఖీ పుణ్యమే. ఎక్కడెక్కడో చెల్లాచెదురైన 46 సంపుటాలను వెతికి వెతికి కూడబెట్టాడు. దాస్తాన్‌ను దాని సొంత నియమాలతోనే చదవాలని సంపుటాల కొద్దీ వాదించాడు. ఆయన ప్రోత్సాహంతోనే 2005లో ఢిల్లీలో మహమూద్ ఫారూఖీ మళ్లీ దాస్తాన్ వేదిక మీదికి తెచ్చాడు. ఇప్పుడు తెల్లని అంగరఖాలు వేసుకుని ఇద్దరేసి కూర్చుని చెబుతున్నారు. వెనకటి రోజుల్లో ఒక్కరే చెప్పేవారు. అయినా ఈ మార్పు కథకు చెడు చేయలేదు, ఒకరు విసిరిన మాటను ఇంకొకరు అందుకుంటుంటే అయ్యారీ ఘట్టాలకు కొత్త వేగం వచ్చింది. షంసుర్ రహమాన్ ఫారూఖీ 2020 డిసెంబరులో కన్నుమూశాడు. ఆయనంతటి పాఠకుడు ఈ పుస్తకానికి మళ్లీ దొరకడం కష్టం.

మనకు గులేబకావళి తెలుసు. 1962లో రామారావు సినిమా చూసి ఆ కథ మనదే అనుకున్నాం. ఉర్దూలో అది చిన్న కథ. ఆ చిన్నదానికే అంత మురిసిపోయిన తెలుగువాళ్లు హోష్‌రుబాను పూర్తిగా చదివితే ఏమైపోతారో! హైదరాబాదులో ఉర్దూ, తెలుగు రెండూ ఇంటి భాషల్లా వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ ప్రాసల వచనాన్ని మన వచనంలోకి దించగల కలాలు ఉన్నాయి. వాళ్లకు నా విన్నపం ఒక్కటే. ఇంగ్లిష్ సంక్షిప్తాల మీదుగా వెళ్లకండి, నేరుగా ఉర్దూ నుంచి తీసుకోండి. వర్ణనలు కోయకండి. వచ్చిన చావే మళ్లీ వచ్చినా రానివ్వండి. ప్రచురణకర్తలు ఒకేసారి వేయలేకపోతే ఏడాదికో సంపుటం వేయండి, నవల్ కిషోర్ కూడా ఒక్కరోజులో వేయలేదు. జాహ్ రాసిన నాలుగింటితో మొదలుపెట్టండి. ఖమర్ సంగతి ఆ తర్వాత చూద్దాం.